తడి మట్టల పొగలో నల్ల టీ

మొన్న మా కోడలు విశాఖపట్నం నుంచి ఒక ఖరీదైన టీ పొడి డబ్బా తెచ్చింది. పొగబెట్టి ఆరబెట్టిన ఆకట, అందులో పాలు పోయకూడదట. అరసవల్లిలో మేముంటున్న మూడో అంతస్తు వంటింట్లో దాన్ని మరిగించి తలా ఒక కప్పు ఇచ్చింది. మా అబ్బాయి ఒక్క గుక్క తాగి, కాలిన గుడ్డ వాసనేస్తోందని పక్కన పెట్టేశాడు. కోడలూ మొహం చిట్లించింది. నేను నా కప్పు పూర్తిచేసి, వాళ్ల కప్పులు కూడా ఖాళీ చేశాను. ముసలిదానికి ఇదేం రుచి అని వాళ్లు నవ్వుకున్నారు, నవ్వుకోనీ, ఆ రుచి నాకెలా అబ్బిందో నా ఈడువాళ్లకు చెబితే అర్థమవుతుంది.

నేను ఉద్దానం కోడలిని. పెళ్లయి ఏడాది తిరక్కుండానే మా ఆయన మిలిటరీకి వెళ్లిపోతే, ఇంట్లో నేనూ మామగారూ మిగిలాం. అత్తగారు నేను కాపురానికి రాకముందే పోయారు. ఆవిడా ఆయనా కుండలతో నీళ్లు మోసి పెంచిన కొబ్బరితోట ఇంటి వెనకే ఉండేది, మామగారు పొద్దున్నే లేచి చెట్ల మధ్య ఒక చుట్టు తిరిగొచ్చాకే మొహం కడుక్కునేవారు. ఆ ఏడు వచ్చిన తుపాను ఆ తోటను నేలమట్టం చేసింది. తెల్లారి తలుపు తీస్తే, మా పెరటి వెనక ఎన్నడూ చూడనంత ఆకాశం కనిపించింది. పాలిచ్చే గేదె మీద పశువుల సాల కూలి, అదీ పోయింది.

మామగారు ఏడవలేదు. పెరటి అరుగు మీద కూర్చుని తోటవైపు చూస్తూ ఉండిపోయారు. నేను పొయ్యి వెలిగించబోతే మాత్రం తల తిప్పి, "సావింట్లో పొయ్యి ఎలిగిస్తారేటమ్మీ?" అన్నారు. మాలో ఎవరైనా పోతే శవం లేచేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలగదు, పక్కింటివాళ్లే వండి తెస్తారు. మరి పడిపోయిన తోట ఎప్పుడు లేస్తుంది? ఊరు ఊరంతా చావిల్లే అయితే ఎవరు ఎవరికి వండి తెస్తారు? దారుల్లో చెట్లు పడి రాకపోకలు ఆగిపోయాయి, మా ఆయనకు కబురంపే వీలు లేదు, ఈయన చూస్తే మంచినీళ్లు కూడా ముట్టరు. పెదాలు పగిలిపోయాయి. పడిన చెట్టు నుంచి బొండం కొట్టి ఇస్తే, చేయరాని పాపం చేసినదాన్ని చూసినట్టు చూశారు. ఈ మనిషి నా కళ్లముందే పోతాడు, ఈయన కొడుక్కి నేనేం జవాబు చెప్పుకోవాలని గుండె చెరువైపోయింది.

ఆఖరికి పక్కింటి పెద్దమ్మ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ ఇల్లు సగం కూలింది గానీ పెరట్లో పొయ్యి మిగిలింది. మీ పొయ్యి మీద కాస్తే మీ ఇంటినుంచి వచ్చినట్టే కదా అని బతిమాలాను. "కానీయే, నేనే తెచ్చినానని సెప్తాన్లే" అందావిడ. బియ్యం తడిసి పాడయ్యాయి. డబ్బా అడుగున ఇంత టీ పొడి, ఒక బెల్లం ముక్క దొరికాయి. కట్టెలంటారా, పడిన చెట్ల తడి మట్టలు తప్ప ఏమీ లేవు.

అవి అంటుకుంటేనా? నేను ఊదినకొద్దీ మంట రాకుండా పొగ లేచి, విరిగిన దడి మీదుగా మా అరుగు మీదికి పోయింది. మామగారు దగ్గుకుంటూ లేచి వస్తుంటే, ఇక తిట్లు తప్పవనుకున్నాను. ఆయన నన్ను పక్కకు జరిపి, "మట్ట అడ్డంగా ఎట్టీసినావు, గాలెలాగ ఎల్తాది?" అంటూ గొంతుక్కూర్చుని మట్టలు సర్దారు. పుట్టెడు దుఃఖంలోనూ ఆ రైతు కన్ను చేతకాని పనిని చూసి ఊరుకోలేకపోయింది. ఊదుడు గొట్టం అందుకుని ఊదారు, పొగ మొహాన కొట్టింది, కళ్లు తుడుచుకున్నారు. మళ్లీ ఊదారు, మళ్లీ తుడుచుకున్నారు. మంట అంటుకుని పొగ తగ్గాక కూడా ఆయన కళ్లనీళ్లు ఆగలేదు, భుజాలు అదురుతూనే ఉన్నాయి. "పాడు పొగ" అన్నారు. అవును మావా, పాడు పొగేనన్నాను. పెద్దమ్మ కూడా అదే మాట అని కొంగు అడ్డం పెట్టుకుంది.

గ్లాసు చేతికిస్తే, నువ్వు తాగితేనే నేను తాగుతానన్నారు. ఉప్పు తగిలిన బావినీళ్లు, కుళ్లిన ఆకుల వాసన, బెల్లం, అన్నిటి మీదా ఆ పొగ. మొదటి గుక్కే ఉమ్మేయబోయాను. నేను మానేస్తే ఆయనా మానేస్తారు. అందుకని కళ్లు మూసుకుని మింగాను. ఆయన నెమ్మదిగా తాగి, గ్లాసు ముందుకు చాపి, ఇంకొంచెం ఉంటే పొయ్యమన్నారు. ఆ ఇంకొంచెం అన్న మాటకు ఈసారి నేను భోరుమన్నాను.

దారులు తెరిచి, మా ఆయన సెలవు మీద వచ్చేదాకా మాకు అదే టీ. పడిన తోట కాస్తా మట్ట మట్టగా పొయ్యిలోకి పోయింది. పాలు దొరకసాగాక కూడా నాకూ మామగారికీ పాలటీ సయించలేదు. ఆయన చాలా ఏళ్లు బతికి, మనవణ్ణి భుజాన మోసి మరీ వెళ్లిపోయారు.

నిరుడు మా ఆయన పోయారు. ఆనాడూ ఇంట్లో పొయ్యి వెలగలేదు, హోటలు నుంచి పొట్లాలు వచ్చాయి. మా అబ్బాయి అన్ని పనులూ పద్ధతిగా చక్కబెట్టాడు గానీ ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు, ఈనాటికీ పెట్టలేదు. అన్నం సరిగా తినడు. వంటింటి గడపలోకి వచ్చి నిలబడి, మళ్లీ వెళ్లిపోతుంటాడు. పొగ రాని పొయ్యిలు వచ్చాయి, ఆడవాళ్ల కళ్లు బతికాయి, కాదనను. కానీ ఆ గ్యాసు పొయ్యి నీలం మంట ముందు వాణ్ణి చూస్తుంటే నాకు బెంగ పట్టుకుంటోంది. నా బిడ్డ కూర్చుని ఏడవడానికి ఈ ఇంట్లో ఒక వంక నేనెక్కణ్ణుంచి తెచ్చిపెట్టను?