ఖరాబ్ గాకుండ తెచ్చిన కొర్రమట్ట

మా ఆవిడ మనోజ ఏం పని చేస్తుందని ఎవరైనా అడిగితే, ‘చేపల పచ్చడి నూరుతుంది’ అంటాను. ఆమెకు ఒళ్లు మండుతుంది. ఇబ్రహీంపట్నంలో చేపల జబ్బులు పరీక్షించే చిన్న ల్యాబులో టెక్నీషియన్ ఆమె. జబ్బు చేపను కోసి, మూత్రపిండం, ప్లీహం తీసి, ఐసు మీద పెట్టి మెత్తగా నూరుతుంది. నూరేటప్పుడు పుట్టే వేడికే వైరస్ చస్తుందట, అందుకే ఐసు. ఆ గుజ్జును వడగట్టి, సీసాలో పెంచుతున్న చేప కణాల మీద పోస్తుంది. వైరస్ బతికి ఉంటే ఆ కణాలు చెదిరిపోతాయి. లేకపోతే అలాగే ఉంటాయి.

యాచారం దగ్గర పల్లెలో ఉండే బుగ్గమ్మ నా ఆటోలో తరచూ ఎక్కుతుంది. ఉన్న కాస్త చేనులో రెండు కుంటలు తవ్వించి కొర్రమట్ట చేపలు పెంచుతోంది. మొదటి కుంటలో చేపలు ఒంటి నిండా పుండ్లతో తేలడం మొదలైంది. మనోజకు చెప్పమని నేనే సలహా ఇచ్చాను. చూడండి, ఊరుకోలేని నోరు నాది.

వైరస్ అయితే మందు లేదు. రెండో కుంటకు అంటకముందే, ఎదిగినా ఎదగకున్నా అందులోని చేపలన్నీ పట్టి అమ్ముకోవాలి. వైరస్ కాకపోతే నీళ్లు మార్చి, మందు చల్లి కాపాడుకోవచ్చు. బుగ్గమ్మకు మిగిలిందల్లా ఆ రెండో కుంటే.

“పెద్దమ్మా, జబ్బు చేపను జర ఖరాబ్ గాకుండ తీస్కరా” అని మనోజ ఫోన్లో చెప్పింది. నేను పక్కనే అన్నం తింటున్నాను. ఆ మాటలో తప్పేమీ నాకూ తోచలేదు.

మర్నాడు బుగ్గమ్మ స్టీలు గిన్నె ఒళ్లో పెట్టుకుని నా ఆటోలోనే వచ్చింది. ల్యాబు గుమ్మంలో మూత తీసింది. బూడిదతో జిగురంతా పోయేలా రుద్ది, పొట్ట చీల్చి పేగులన్నీ తీసేసి, ఉప్పూ పసుపూ పట్టించిన చేప. పొయ్యి మీద పెట్టడమే తరువాయి. మనోజ మొహం పాలిపోయింది.

“గిదేంది పెద్దమ్మా!”

“నువ్వే గదా బిడ్డా, ఖరాబ్ గాకుండ తెమ్మన్నవ్. మంచిగ ఉప్పు పట్టిచ్చిన. రెండు దినాలైనా వాసన రాదు.”

నాకు నవ్వొచ్చింది. మనోజ చూసిన చూపుకు ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

“ఇంకోటి తేగలవా? కొయ్యకు, కడగకు. బకెట్ల నీళ్లు వోసి పానంతోనే తే.”

“ఇంకేడున్నయ్ బిడ్డా? ఆ కుంటల గిదే ఆఖరిది.”

ప్లీహం పేగులతోనే పోయింది, మిగిలినదాన్నే నూరింది మనోజ. సీసాలో కణాలు చెక్కు చెదరలేదు. అసలు వైరస్ లేదా, ఉప్పుకు చచ్చిందా? ఏ సంగతీ తేలలేదు.

ఆ రోజు నుంచి ఇంట్లో నెమ్మది లేదు. మనోజ కాలుగాలిన పిల్లిలా వాకిలికీ వంటింటికీ తిరిగేది. ఆదివారం చర్చిలో ప్రార్థన మధ్యలో లేచి బయటికెళ్లి, బుగ్గమ్మకు ఫోన్ చేసి, రెండో కుంట ఎట్లుందని అడిగింది. చేపలు మంచిగ తిరుగుతున్నాయట. ఆ మాటకు సంతోషించాలి కదా, గోళ్లు కొరుక్కుంది. పరీక్షకు జబ్బు చేప కావాలి. జబ్బు చేప దొరికిందంటే ఆ కుంట కూడా పోయినట్టే.

“అమ్ముకొమ్మని చెప్పరాదు?” అన్నాను.

“తెల్వకుండ ఎట్ల చెప్పాలె? అది వైరస్ కాకపోతే ఎదగని చేపలు అమ్మించి నేనే ముంచినదాన్నైత. ఇప్పటికే ఒక్క మాటతోటి ముంచిన” అని నా మీద అరిచి, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది.

నాకు కోపం రాలేదు. భయమేసింది. ఫోన్ మోగితే చాలు, ఇద్దరం ఉలిక్కిపడేవాళ్లం.

ఒక పొద్దున యాచారం రోడ్డు మీద బుగ్గమ్మ చెయ్యి ఎత్తింది. రెండో చేతిలో బకెట్ ఉంది. ఎక్కించుకున్నాను. దారంతా ఆమె నీళ్లు తొణకకుండా బకెట్‌ను మోకాళ్ల మధ్య పట్టుకుంది. లోపల కొర్రమట్ట ఒక పక్కకు ఒరిగి, నోరు తెరుస్తూ మూస్తూ ఉంది.

మనోజ పరుగున వచ్చింది. బకెట్‌లోకి చూసి ఆగిపోయింది.

“రెండో కుంటలదా?”

“అవ్ బిడ్డా. పొద్దున తేలింది. కత్తి ముట్టలే, ఉప్పు ముట్టలే, నువ్వు చెప్పినట్టే తెచ్చిన.” బుగ్గమ్మ మనోజ మొహంలోకి ఆత్రంగా చూసింది. “ఈపారి ఖరాబ్ గాలే గదా?”



“గాలే పెద్దమ్మా. మస్తు మంచిగ తెచ్చినవ్” అని, మనోజ బకెట్ అందుకుని, నూరడానికి లోపలికి తీసుకుపోయింది.