బోర్డు మీద లేని గడి

మొన్న మంగళవారం పొద్దున మా మేనత్త చనిపోయింది. ఆ రోజు చెత్త బండి కదల్లేదు. అరకు రోడ్డు పక్క దుకాణాల ముందు ప్లాస్టిక్ ప్లేట్లు, నీళ్ళ సీసాలు పడినవి పడినట్టే ఉన్నాయి. బండి తోసే మనిషి ఇంట్లో చాప మీద ఉంది. అయినా సాయంత్రానికి చెత్త షెడ్డు బోర్డు మీద తడి చెత్త ఇంత, పొడి చెత్త ఇంత, తయారైన ఎరువు ఇంత అని ఎప్పటి అంకెలే పడ్డాయి. నేను లేను గనక ఆ రోజు సూపర్‌వైజరు రాశాడు. మిగతా రోజులన్నీ రాసింది నేనే.

మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటి మనిషిని నేను. ఆశ్రమ పాఠశాలలో వేయడానికి నాన్న జంకితే, అత్త నా రేకు పెట్టె నెత్తిన పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని కొండ దిగింది. "నాలుగు అచ్చరాలొస్తే నిన్నెవులూ మోసం సెయ్యరే గుంటా" అంది. నన్నెవరూ మోసం చేయలేదు. నా చేత చేయించారు.

డిగ్రీ అయ్యాక చెత్త ఎత్తే కాంట్రాక్టరు దగ్గర రిపోర్టులు రాసే పనిలో చేరాను. సాయంత్రం సూపర్‌వైజరు ఫోన్లో అంకెలు చెప్పేవాడు. నేను గుండ్రటి అక్షరాలతో బోర్డు మీద రాసి, ఫొటో తీసి పై ఆఫీసుకు పంపేదాన్ని. తూకం మిషను మూలన గోనె కింద ఉండేది. అత్త ఎత్తి తెచ్చిన చెత్తను షెడ్డు వెనకున్న గెడ్డలో, అంటే కొండవాగులో, ట్రాక్టరు పోసేది. తర్వాత నిప్పు పెట్టేవారు. ఆ గెడ్డకు దిగువనే మా ఊరు తాగే ఊట ఉంది. నీళ్ళు కాలిన వాసన వేస్తున్నాయని ఊరివాళ్ళు ఎవరికి చెప్పినా, అంతా షెడ్డుకే వెళ్తోందని మా బోర్డు చూపించేవారు. నేను రాసిన బోర్డు.

అత్త షెడ్డులోకి వచ్చేముందు చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకునేది. లోపల పొగ తాగకూడదని గోడ మీద రాసి ఉందని నేనే ఒకసారి చదివి చెప్పాను. వెనక ప్లాస్టిక్ కొండలా కాలుతుంటే ఆమె ఆ చిన్న చుట్టను ఆర్పేది. కింద పొగను చూసి టూరిస్టులు ఆగి ఫొటోలు తీసుకుంటుంటే, "మంచు అనుకుంతన్నారే ఆళ్ళు. సెప్పకు, పాపం, అంత దూరం నుంచొచ్చారు" అని నవ్వేది. నవ్వు చివర దగ్గు వచ్చేది.

మా ఊళ్ళలో పండగకు చుట్టాలను పిలవాలంటే వెనకటికి ముడులేసిన తాడు పంపేవాళ్ళు. రోజుకో ముడి విప్పాలి. చివరి ముడి విప్పిన రోజు పండగ. అత్త దాన్ని తిరగేసింది. ట్రాక్టరు గెడ్డలో చెత్త బోర్లించినప్పుడల్లా అడ్డతీగ నార తాడుకు ఒక ముడి వేసేది. విప్పేది లేదు.

గ్రామసభకు పెద్ద అధికారి వచ్చి మా షెడ్డును మెచ్చుకున్న రోజున ఆమె లేచి నిలబడి ఆ తాడు చూపించింది. "గెడ్డలో పోసింది ఇది. మీ బోర్డులో ఏ గడిలో ఉంది బాబూ?" అని అడిగింది. ఆయన నావైపు చూశాడు. సూపర్‌వైజరూ చూశాడు. అందరి ముందూ నేను, "ఆ గడి లేదత్తా" అన్నాను. అది నిజమే. అలాంటి నిజం చెప్పడానికేనా ఆమె నన్ను బడికి తీసుకెళ్ళింది? ఎవరో నవ్వారు. అత్త తాడు చుట్టి నడుముకు దోపుకుని కూర్చుంది.

ఇంటికి వచ్చి తిడుతుందనుకున్నాను. అంబలి పోసిస్తూ, "నువ్వు అబద్దం సెప్పనేదులే. గడి నేదు కదా. మరి గియ్యి" అంది.

నేను గీయలేదు. ఉద్యోగం పోతుందని భయం. అలా రెండు వానాకాలాలు గడిచాయి. తాడు పొడుగైంది, అత్త దగ్గూ పెరిగింది. ఆ పొగే ఆమెను చంపిందని నేను రుజువు చేయలేను. చెత్త కాల్చినట్టు ఏ కాగితంలోనూ లేదు. ఆ కాగితాలు రాసింది నేను. నా కోపం కాంట్రాక్టరు మీద, మెచ్చుకుని వెళ్ళిన అధికారి మీద ఎంత ఉందో, నా చక్కటి చేతిరాత మీదా అంతే ఉంది.

అత్తను మట్టి చేసిన మర్నాడు షెడ్డుకు వెళ్ళి అంకెలన్నీ తుడిచేశాను. నాలుగో గడి గీశాను. పైన 'గెడ్డలో పోసినది' అని రాసి, కింద మేకు కొట్టి అత్త తాడు వేలాడదీశాను. ఫొటో తీసి, రోజూ పంపే చోటికే పంపాను. సూపర్‌వైజరు వచ్చి తీసెయ్యమన్నాడు. తీయనన్నాను. ఇక పనిలోకి రావద్దన్నాడు. తాడు మీద మాత్రం చెయ్యి వేయలేకపోయాడు. అప్పటికే ఊటకు వెళ్ళే ఆడవాళ్ళు బిందెలతో బోర్డు ముందు ఆగి ఉన్నారు.

ఇన్నేళ్ళలో వాళ్ళు ఆ బోర్డు ముందు ఆగింది లేదు. వాళ్ళకు చదువు రాదు. ఒక ముసలమ్మ బిందె కింద పెట్టి, తాడు కొస పట్టుకుని, ఒక్కొక్క ముడినీ వేలితో తడుముతూ మేకు దాకా వెళ్ళింది. ఆ తర్వాత మళ్ళీ కొస నుంచి మొదలుపెట్టింది.