యూనివర్సిటీ కిటికీకి నా బొంత

అమెరికాలో, శాన్ రామన్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మనవరాలు ఆఫ్రికాలో ఓ పేద ఊళ్లో కొత్తగా పెట్టిన యూనివర్సిటీలో పాఠాలు చెప్పడానికి వెళుతుంటే, పాత చీరలతో కుట్టిన బొంత ఇచ్చాను. మొన్న వీడియో కాల్‌లో చూస్తే అది క్లాసు కిటికీకి వేలాడుతోంది.

"కప్పుకోమని ఇస్తే నలుగురిలో వేలాడదీస్తావుటే? తియ్యి ముందు" అని కేకలేశాను. భాష తెలియకపోయినా నా గొంతు విని వెనక క్లాసంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది.

"కిటికీలకి అద్దాలింకా రాలేదు నానమ్మా. ఎండకి బోర్డు కనపడక క్లాసు ఆపేయాల్సి వచ్చేది. తీసేయమంటావా?"

"వద్దులే. కింద అంచు పిగిలింది, కుట్టు వెయ్యి" అన్నాను.

నన్ను మూడో తరగతిలోనే బడి మాన్పించారు. నా బొంత యూనివర్సిటీలో ఉందని ఇక్కడి పార్కులో కనిపించిన తెలుగువాళ్లందరికీ చెబుతున్నాను.