చెప్పులేసుకొని పెద్ద బజార్ల

నేను చెప్తుంటె మా బిడ్డ రాస్తాంది. గెలిచిన దినం గురించి చెప్పుమంటె నాకు ముందుగాల నవ్వే వస్తది.

మా ఊరు శామీర్‌పేట దాటినంక తుర్కపల్లి తొవ్వల ఉంటది. మా ఆయన పోయిన రెండో ఏడు సర్పంచి సీటు దళిత ఆడోళ్లకని వచ్చింది. వాడంత కూసోని నన్నే నిలవెట్టిన్రు. నా గొంతు పెద్దది, మైకుతోని పని లేదని. గెలిచిన. ఊరు పుట్టినంక మా మాదిగవాడ నుంచి గా కుర్చీల కూసున్న మొదటి మనిషిని నేనే.

కౌంటింగు బడికాడ అయింది. బయటికొచ్చేసరికి నెత్తి నుంచి కాళ్ల దాక గులాలు పోసిన్రు. ముక్కుల గూడ వోయింది. తుమ్ముకుంట, నవ్వుకుంట, మేడ్చల్ నుంచి తెప్పిచ్చిన టాపు లేని జీపు ఎక్కిన. పక్కన మా అత్తను కూసోవెట్టిన్రు. ముంగట మా మరిది డప్పు. గా డప్పు ఎన్నేండ్లు ఎవరెవరి ఊరేగింపుకు కొట్టిండో! గా దినం మా డప్పు మాకే మోగుతాంది.

మలుపు కాడ మా అత్త జీపు కడ్డీ గట్టిగ పట్టుకున్నది. "అటు పెద్ద బజారురా. వద్దు, మన వాడకే పోనియ్యి."

మరిది డప్పు ఆపిండు. "అమ్మా, వదిన వాడకు గెలిచిందా, ఊరికి గెలిచిందా?"

జీపు పెద్ద బజార్లకే మలిగింది.

గా బజారు సంగతి చెప్పాలె. పటేండ్ల ఇండ్లన్ని ఆడనే. పెండ్లయి వచ్చిన తెల్లారి మా అత్త నాకు నేర్పిన మొదటి ముచ్చట, గా బజార్ల మనం చెప్పులు చేతుల పట్టుకొని నడవాలని. ఇప్పుడు ఎవ్వరు అడగరు. పొలాలు ప్లాట్లయినయ్, అరుగులు పోయి గేట్లొచ్చినయ్. గని కాళ్లకు ఎవరు చెప్తరు? మా ఈడు ఆడోళ్లం ఇంక ఇప్పుతనే ఉన్నం.

జీపు మలిగిందో లేదో, నేను వంగి చెప్పులు ఇప్పి ఒళ్లె వెట్టుకున్న. సర్పంచిని! జీపుల కూసోని! ఎనక నుంచి మా తోటికోడలు చూడనే చూసింది. "ఓ సర్పంచమ్మా, జీపుల గూడ చెప్పులు ఇప్పుతవా? టైర్లు గూడ ఇప్పుమందామా?"

సిగ్గువడి పక్కకు జూసిన. మా అత్త ఒళ్లె గూడ ఒక జత! ఇగ ఒకరి మీద ఒకరం వడి నవ్వినం. చెప్పులు నాలుగు జీపులనే కింద వడి కలిసిపోయినయ్. ఎనక తుర్కపల్లి కంపెనీ క్యాబులు ఆగి హారన్లు కొడుతున్నయ్.

గంతల పెద్ద పటేలు గేటు తీసి బయటికొచ్చిండు, చేతుల శాలువ. నన్ను ఏనాడూ "ఏమే" తప్ప పిలువని మనిషి. "దిగి రా అమ్మా, శాలువ కప్పుత" అన్నడు.

డప్పు ఆగింది. నవ్వు గూడ ఆగింది. జీపు నుంచి గేటుకు పది అడుగులు. వాడంత నా కాళ్ల దిక్కే చూస్తాంది.

"ఉట్టి కాళ్లతోని పో బిడ్డా, మంచి దినం లొల్లెందుకు" అని అత్త చెవుల గొణిగింది.

ఇయ్యాల ఇప్పి పోతె అయిదేండ్లు ఇప్పే తిరగాలె. వంగి, చేతికి దొరికినయ్ తొడుక్కొని దిగిన.

నడుస్తుంటె ఒక కాలు టపటప అంటాంది, ఒక కాలు సప్పుడే లేదు. మరిది దానికే దరువు వట్టిండు. పటేలు కిందికి చూసిండు. నేనూ చూసిన. కుడికాలుకు నాది, ఎడమకాలుకు మా అత్త హవాయి చెప్పు, మడమ దాటి బెత్తెడు ఎనకకున్నది.

"ఏందమ్మా, ఒక్కోటి ఒక్కో తీరున్నది?" అన్నడు.

"మా అత్త గూడ వచ్చింది గద పటేలా. ఒక కాలు ఆమెది" అన్న.

బజారంత పక్కున నవ్వింది. పటేలు గూడ మీసాల్ల నవ్వి శాలువ కప్పిండు.

తిరిగి చూస్తె అత్త జీపు దిగుతాంది. మిగిలిన రెండు తొడుక్కున్నది. నా చెప్పు ఆమెకు ఇరుకు. ముందుగాల ముండ్ల మీద నడిచినట్టు ఒక్కో అడుగు ఏసింది. నాలుగిండ్లు దాటినంక నడక సాగింది. ఎక్కు అత్తా అంటె ఎక్కది. బజారు కొస దాక పోయి మల్లొచ్చింది, మల్లా పోయింది. డప్పు, గులాలు, జనం అంత ఆమె ఎనకనే తిరుగుడు.

"అత్తా, గెలిచింది నేనే!" అని ఒర్రిన.

"తెలుసు తియ్యి, నడువు" అన్నది, ఎనకకు తిరిగి చూడకుంట.