పిట్టగోడ లేని కల్వర్టు

సాయంత్రం ఏడుంబావుకు కరెంటు పోయింది. తొంభైల చివర్లో బాన్సువాడలో అది రోజూ పోయేదే. నేను దీపం వెలిగించి వంటలో పడ్డాను. దుకాణం కట్టేసి సైకిల్ మీద వస్తున్న నా భర్త, మా వీధి చివరి కల్వర్టు దగ్గర కాలువలో పడ్డాడు. నిజాంసాగర్ నీళ్లు వదిలిన రోజులవి. మర్నాడు రుద్రూర్ దారిలో ఒక తూము దగ్గర దొరికాడు.

ఆ కల్వర్టుకు ఒకప్పుడు పిట్టగోడ ఉండేది. రోడ్డు వెడల్పు పని పట్టిన కంట్రాక్టర్ దాన్ని తీయించి మళ్లీ కట్టలేదు. ఆయనదీ మా వీధే. పరామర్శకు వచ్చి మా అత్త ఎదురుగా కూర్చుని, "చీకట్ల జర చూసుకొని రావాలె గద" అన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేదు. మరవాలనీ అనుకోలేదు.

చావు జరిగిన ఇంటి ముందు మా దగ్గర ఏడాది దాకా ముగ్గు వేయరు. ఒక తెల్లవారుజామున, గడపకు పూసే ఎర్రమట్టి జాజు, కొంచెం సున్నం వేరువేరుగా కలుపుకొని కల్వర్టు దగ్గరికి వెళ్లాను. గోడ ఉండాల్సిన చోట రెండు అంచుల పొడవునా జాజు పట్టీ వేసి, దాని మీద తెల్లని గీతలు గీశాను. పువ్వులూ నెమళ్లూ వేయడం నాకు ఇష్టం లేదు. ఇరుగుపొరుగు వచ్చి మా అత్తను నిలదీశారు. ఆమె బీడీలు చుట్టడం ఆపకుండానే, "ఇంటి ముంగట ఎయ్యద్దన్నరు. రోడ్డు మీద ఎయ్యద్దని ఎవలన్నరు?" అంది.

ముగ్గు తొక్కడానికి మావాళ్లకు కాలు రాదు. చెరకు బండ్లు నడిరోడ్డుకు జరిగాయి. స్కూటర్ వెలుగు పడితే సున్నం దూరం నుంచే కనిపించేది. బీడీ కార్ఖానాకు పోయే ఆడవాళ్లు మంచి పని చేశావన్నారు. నేను వాళ్ల కోసం వేయలేదు. కంట్రాక్టర్ జీపు రోజూ అటే పోవాలి. వాన కడిగేస్తే మళ్లీ వేశాను. ఆయన బస్టాండు వైపు నుంచి చుట్టూ తిరిగి పోవడం మొదలుపెట్టాడు. అక్కడ ఆయనే బండలు కప్పకుండా వదిలేసిన మురుగునీటి మోరీ ఉంది. దాని అంచుకూ వేశాను.

చివరికి ఇంటికొచ్చి, గడప బయటే నిలబడ్డాడు.

"చెల్లె, ఇగ చాలు. ఊరంత నన్నే చూస్తున్నరు. గోడ కట్టిస్త, గా గీతలు బంద్ చెయ్."

"గోడ నేనే తీపిచ్చిన, కట్టకుండ ఇడిసిపెట్టిన అని నలుగురిల ఒక్కసారి అను, అన్నా. గప్పుడు బంద్ చేస్త."

"గట్లంటే నా లైసెన్సు పోతది" అని వెళ్లిపోయాడు.

గోడ కట్టించాడు, రెండు వైపులా, గట్టిగా. మోరీకి బండలూ వేయించాడు. మాట మాత్రం అనలేదు. అందుకని ఆ గోడకూ జాజు పూసి గీతలు గీశాను, ఆయన ఇంటి నుంచి కనిపించే వైపు. శుక్రవారం శుక్రవారం కొత్త సున్నం. ఎదురుపడితే ఆయన తల వంచుకునేవాడు. నాకు జాలి వేయలేదు. అక్కడ మళ్లీ ఎవరూ పడలేదని జనం మెచ్చుకునేవారు. ఆ మెప్పు కన్నా ఆయన వంచిన తలే నాకు తృప్తిగా ఉండేది.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు ఆయన ఇల్లు అమ్మేసి నిజామాబాద్ వెళ్లిపోయాడు, అనాల్సిన మాట అనకుండానే. చూడాల్సిన మనిషి పోయాక నాకు అక్కడ పని లేకపోయింది. గోడ ఇంకా ఉంది. దానికి ఇప్పుడు ఎవరూ సున్నం వేయడం లేదు.