బొమ్మ మీద రాసిన మాట

పోయినేడాది దాకా నాకు అక్షరాలు రావు. అందుకే ఇది ఇప్పుడు రాస్తున్నాను.

డిగ్రీ చదివే నా కూతురు లావణ్య బొమ్మల కథలు గీసి ఫోన్లో పెడుతుంది. కాలేజీ గేటు దగ్గర నేను అన్నం డబ్బాతో నిలబడ్డ బొమ్మ చూపించి, "అవ్వా, జర నీడకు నిలబడు" అని రాసినట్టు అప్పట్లో చదివి వినిపించింది. మురిసిపోయాను.

అక్షరాలు వచ్చాక, సుల్తానాబాద్‌లో నాతో బీడీలు చుట్టేవాళ్ల ముందు అదే బొమ్మ తీసి, కూడబలుక్కుంటూ గొప్పగా పైకి చదివాను.

"అవ్వా, జల్ది పో. దోస్తులు చూస్తరు."

"నీ బిడ్డ నిన్నే పొమ్మన్నదా?" అని రాజవ్వ నవ్వింది.

నా మనసు నొవ్వొద్దని బిడ్డ అబద్ధం చదివిందని తెలిసి ఇంకా ఏడుపొచ్చింది.

తెల్లారి లావణ్య కొత్త బొమ్మ చూపించి, "అవ్వా, నువ్వే చదువు" అంది.

"కండ్లు మసకగున్నయి బిడ్డా, నువ్వే చదివి చెప్పు" అన్నాను.