గంటు పెట్టిన పుల్లలు

మా తోటికోడలిది ఎడమచేతి వాటం. ఈ ముక్క ముందే చెప్పి పెడుతున్నాను, నేను దొరికిపోయింది దానివల్లే.

మా ఆయనా వాళ్ళాయనా అన్నదమ్ములు. రెండేళ్ళ తేడాతో ఇద్దరూ పోయారు. మిగిలింది మేమిద్దరం, రెండు గదులు, వీధి వైపు కిటికీ ఉన్న వంటిల్లు. ఒక గదిలో నా కుట్టుమిషను. ప్యాంట్ల అంచులు మడిచి కుట్టడం, జిప్పులు మార్చడం నా పని. వంటిల్లు ఆవిడది, అందులో చేసే పుల్ల ఐసులూ ఆవిడవే. తోటికోడళ్ళంటే పిల్లీ ఎలుకా అనుకుంటారు కదా జనం. ఇరవై రెండేళ్ళు మేము ఆ నమ్మకాన్ని వమ్ము చెయ్యలేదు.

ఐసులకు ముందు ఆవిడ పండ్ల గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసింది. ఒక ముక్క కోసి నాలుక మీద పెట్టుకుని, "ఇది ఇవాళ్టి లారీ కాదు, నిన్నటిది" అనేసేది. తీపి కొలిచే మీటరు మొరాయిస్తే సూపర్‌వైజరు ఆవిడ్నే పిలిచేవాడు. అలా మీటరక్క అని పేరు పడింది. పదేళ్ళ కిందట ఫ్యాక్టరీ మూతపడింది గానీ పేరు మాత్రం ఆవిడ వెంటే ఇంటికొచ్చింది. వీధి వీధంతా ఆవిడకు మీటరక్కే.

ఆవిడ ఐసుల్లో పేరుపడ్డవి కారం ఐసులు. ఎండుమిరపకాయలు నూనె లేకుండా వేయించి, ఉప్పుతో కలిపి దంచి, పండు గుజ్జులో కలిపేది. అనాసకు ఒక చిటికెడు ఎక్కువ, పుచ్చకాయకు ఒక చిటికెడు తక్కువ, జామకైతే గింజలు దులిపేసిన మిరపకాయలే. కారం లేని ఐసులకు చక్కెర గిన్నెతో కొలిచేది. కారం వాటికి మాత్రం గిన్నే లేదు, చెంచా లేదు, నాలుకే కొలత. "పండు ముందు రావాలి. కారం వెనకాల వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి, నేనూ వచ్చానని చెప్పాలి. అంతే. లోపలికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చోకూడదు" అనేది. కారం ఐసు పుల్ల చివర చాకుతో చిన్న గంటు పెట్టేది, పసిపిల్లలు పొరపాటున తీసుకోకుండా. కిటికీ పక్కన ఒక రేకు డబ్బా ఉండేది. తిన్నవాళ్ళు పుల్ల అందులో వెయ్యాలి. ఆదివారం ఆవిడ వాటిని కడిగి, ఎండబెట్టి, పూలకుండీల అంచున కంచెలా గుచ్చేది.

నన్ను మాత్రం ఉప్పుడబ్బా ముట్టనిచ్చేది కాదు. "నీది నాలుకటే? చెక్కముక్క" అనేది. "చెక్కముక్కో ఇనపముక్కో, నీకంటే నాలుగు మాటలు ఎక్కువే మాట్లాడుతుంది" అనేదాన్ని నేను. పైకి అలా అన్నా, లోపల మండేది.

మొన్న చలికాలంలో ఆవిడకు పది రోజులు జ్వరం వచ్చింది. తగ్గాక లేచి తిరిగింది, పనిలో పడింది. ఒక రోజు నేను మిషను దగ్గర ఉంటే మాడు వాసన వచ్చింది. పరుగెత్తి వెళ్ళి చూస్తే పాలగిన్నె నల్లగా మాడిపోతోంది, పక్కనే నిలబడి ఆవిడ జామకాయలు కోస్తోంది.

"ఏంటక్కా, ముక్కు ఎవరికైనా అప్పిచ్చావా?"

"జలుబు చేసిందిలేవే" అంది, తల తిప్పకుండా.

తర్వాతి వారం ఎదురింటావిడ కూతురి చెయ్యి పట్టుకుని వచ్చింది. ఎనిమిదేళ్ళ పిల్ల, మూడేళ్ళుగా గంటు పుల్లే తింటోంది. పెదవులు వాచి, వెక్కిళ్ళు పెడుతోంది. మీటరక్క బజారుకు వెళ్ళింది కాబట్టి సరిపోయింది. ఆ తల్లిని గుమ్మంలోనే ఆపి, పిల్లకు చక్కెర తినిపించి, తప్పు నామీద వేసుకున్నాను. వాళ్ళు వెళ్ళాక ఒక అనాస ఐసు తీసి కొరికి చూశాను. నోట్లో నిప్పు పడ్డట్టయింది. పండన్నదే తెలియలేదు.

మర్నాడు తలుపు చాటు నుంచి గమనించాను. ఆవిడ గుజ్జు నాలుక మీద వేసుకుని గోడవైపు చూసింది. కారం వేసింది. మళ్ళీ రుచి చూసి మళ్ళీ గోడవైపు చూసింది. మళ్ళీ వేసింది. దారి తప్పిన మనిషి ముఖం అది.

అప్పుడే చెప్పాల్సింది. "అక్కా, నీ నాలుక పోయింది, పద డాక్టరు దగ్గరికి" అని చెయ్యి పట్టుకుని లాక్కుపోవాల్సింది. నోరు రాలేదు. మొగుడు పోయి, ఫ్యాక్టరీ పోయి, ఆ మనిషికి మిగిలింది ఆ పేరొక్కటే. అది కూడా నా నోటితో ఎలా ఊడదీయను?

అందుకని దొంగపని మొదలుపెట్టాను. ఆవిడ మధ్యాహ్నం అచ్చుల్లో గుజ్జు పోసి, పుల్లలు గుచ్చి, ఫ్రీజర్లో పెట్టి ఒక కునుకు తీస్తుంది. ఆ గంటలో నేను కారం అచ్చులన్నీ తీసి, పెరటి తూములో పారబోసి, కడిగి, నా గుజ్జు పోసేదాన్ని. ఆవిడ పుల్లలే కడిగి వాడదామనుకున్నాను గానీ చెక్కకు కారం పట్టేసింది. ఒకటి నాకి చూస్తే ఇంకా చురుక్కుమంది. ఎందుకొచ్చిన గొడవని వాటిని పారేసి, కొత్త పుల్లలకు నేనే గంట్లు పెట్టాను. గుడ్డ కత్తిరించే చెయ్యి కదా, ఒక్కో గంటు గీత గీసినట్టు తిన్నగా వచ్చింది.

రుచి ఎలా కుదిరిందంటారా? పదేళ్ళుగా చూస్తున్నానుగా. మూడుసార్లు చెడగొట్టాను, నాలుగోసారి కుదిరింది. "మీటరక్కా, మళ్ళీ గాడిలో పడ్డావు!" అని కిటికీ దగ్గర ఎవరో అన్నారు. ఆవిడ మురిసిపోయింది. మిషను వెనక కూర్చుని నేనూ మురిసిపోయాను. దాచుకోను, నాకు సంతోషం వేసింది. చెక్కముక్క నాలుకదాన్ని, ఊరందరి చేతా లొట్టలు వేయించాను. మూడు నెలలు గడిచాయి. ఆవిడ పరువు కోసం దాచానని నాకు నేను చెప్పుకున్నాను. అందులో నా ముచ్చట పాలెంతో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఒక ఆదివారం ఉదయం పెరట్లోంచి పిలిచింది.

"చెల్లీ, ఒకసారి ఇలా రా."

ఎప్పుడూ "ఏమే" అనే మనిషి చెల్లీ అనేసరికి చేతిలో పని వదిలేసి పరుగెత్తాను. ఆవిడ పూలకుండీల దగ్గర పీట వేసుకుని కూర్చుంది. ఒళ్ళో కడిగిన పుల్లలు.

"ఇవి చూడు. పాత కుండీల్లోవి. నావి. ఎడంచేత్తో కోస్తాను కదా, గంటు ఏటవాలుగా పడుతుంది. ఇవి ఈ మూడు కుండీల్లోవి. అన్నీ తిన్నగా ఉన్నాయి. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి నాది లేదు."

నేను ఒక పుల్ల తీసి, ఆ తిన్నటి గంటు మీద వేలు పెట్టాను.

"నావి ఏం చేశావు?"

"పారబోశాను."

"అన్నీనా?"

"అన్నీ."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది, నేనూ రెండు అనేదాన్ని, అలవాటైన పనే కదా. ఆవిడ పుల్లలన్నీ ఒక కట్టగా సర్ది, తలవంచుకునే అడిగింది.

"పండ్లయినా బాగున్నాయా? చేత్తో నొక్కి చూసి తెచ్చేదాన్ని. ముక్కుకు ఏమీ తెలిసేది కాదు."

"బాగుండేవక్కా."

"జ్వరం తగ్గిన రోజు నుంచీ పండు రావట్లేదే. అనాసో, జామో, మట్టో తెలీదు. నోట్లో చల్లగా ఏదో ఉంటుంది, అంతే. కారం ఒక్కటే వస్తోంది. మంట తెలుస్తోంది. అది తెలిస్తే నేనింకా ఉన్నాననిపించేది. అందుకే వేశాను. ఇంకొంచెం వేస్తే దాని వెనకాల పండు కూడా వస్తుందేమోనని వేశాను."

పీట పక్కన మట్టిలోనే కూలబడ్డాను. ఆవిడ మోకాలి మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఆ ఎడంచెయ్యి నా తల మీద పడింది. ఇరవై రెండేళ్ళలో అదే మొదటిసారి.

సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్ళాం. జ్వరానికి ముక్కు నరమూ నాలుక నరమూ రెండూ దెబ్బతిన్నాయన్నాడు. మంట తెలిసేది వేరే నరంతోనట. "మొదటి వారాల్లోనే వచ్చుంటే ఏదైనా ప్రయత్నం చేసేవాళ్ళం. ఇప్పుడు రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు. నేను నేలవైపు చూస్తూ కూర్చున్నాను. దారిలో ఆవిడే అంది, "నువ్వొక్కదానివేనా దాచింది? నేనూ దాచాగా. ఊరుకో" అని. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడం ఇంకా మోస్తూనే ఉన్నాను.

ఇప్పుడు వంటిల్లు నాది. ఆవిడ లోపలికి రాదు. పొద్దున్న గుమ్మం బయట కూర్చుని పుల్లలకు గంట్లు మాత్రం పెడుతుంది, ఏటవాలుగా. "ఇదైనా నాది ఉండనీ" అంది. సాయంత్రం కిటికీ దగ్గర ఐసులు అందిస్తుంది.

నిన్న ఎదురింటి పిల్ల వచ్చింది. అనాస ఐసు చప్పరించి, కిటికీ చువ్వలు పట్టుకుని గంతులేసింది.

"మీటరక్కా, నీ చెయ్యి చెయ్యే!"

"నా చెయ్యి కాదమ్మా. మా చెల్లి చేసింది. దాని నాలుక మంచిది."

ఆ మాట కోసం ఇరవై రెండేళ్ళు చెవి కోసుకున్నదాన్ని. తీరా విన్నాక, కుడుతున్న ప్యాంటులో ముఖం దాచుకుని ఏడ్చాను.

కాసేపటికి ఆవిడ ఒక ఐసు పట్టుకుని నా గదిలోకి వచ్చింది. మిషను పక్కన మంచం మీద కూర్చుని కొసన కొరికింది. మిగతాది నా నోటి దగ్గర పెట్టింది. నేనూ కొరికాను.

"చెప్పు. పండు ముందొస్తోందా?"

"వస్తోందక్కా."

"పుల్లగా ఉందా?"

"కొంచెం. వెంటనే తీపి తగులుతోంది."

"కారం?"

"గుమ్మం దగ్గర నిలబడింది."

ఆవిడ కళ్ళు మూసుకుని ఇంకో ముక్క కొరికింది. నేను చెప్పిందంతా నోట్లో వెతుక్కుంటూ, ఐసు అయిపోయేదాకా అలాగే కూర్చుంది.